లోహశ్రవణి చెప్పిన ఆయుష్షు

విప్పిన ఇంజన్ మీద డాక్టర్ ఇందుమతి ఒక్కో భాగానికీ నాణెమంత సెన్సర్ అతికిస్తోంది. పగిలిన సిలిండర్ హెడ్, అంటే ఇంజన్ పైమూత, పక్కనే గోనెపట్టా మీద పడి ఉంది. రెండు వాల్వుల మధ్య వెంట్రుకంత చీలిక తప్ప పైకి దానికి ఏ గాయమూ లేదు. ఆ చీలికలోంచే ఇంజన్‌ని చల్లబరిచే నీళ్లు లోపలికి దిగి, నూనెలో కలిసి, పొగగొట్టంలోంచి తెల్లటి ఆవిరి కక్కించాయి.

"కాసేపు ఎవరూ మాట్లాడకండి," అంది ఇందుమతి.

అక్కడ ఆమె కాక ఉన్నది ఇద్దరే. ఒకడు ఆ పంపుహౌస్ కాపలాదారు నాంచారయ్య. రెండోవాడు ఆమెతో పడవలో వచ్చిన మెకానిక్ మస్తాన్. ఇద్దరూ నోళ్లు మూసుకుని చూస్తున్నారు.

సూట్‌కేసంత పెట్టెలోంచి సన్నటి ఉక్కుచెయ్యి ఒకటి బయటికొచ్చి, వేలిగోరంత సుత్తితో ఇంజన్ భాగాల్ని ఒక్కొక్కటిగా తట్టడం మొదలుపెట్టింది. టిక్, టిక్ అన్న చప్పుడు. తట్టినప్పుడల్లా స్క్రీన్ మీద ఓ గీత వణికి నిలిచింది.

ఆ యంత్రం పేరు లోహశ్రవణి. అది చేసే పని అర్థం చేసుకోవడం కష్టం కాదు. సంతలో కుండ కొనేవాళ్లు వేలి కణుపుతో తట్టి చూస్తారు. మంచి కుండ ఖంగుమంటుంది, బీట ఉన్న కుండ బొంగురుగా పలుకుతుంది. ఇనుమూ అంతే. ఏళ్ల తరబడి తిరిగిన లోహంలో కంటికి కనిపించని పగుళ్లు పుడతాయి. అవి మెల్లగా పెరుగుతాయి. తట్టినప్పుడు వచ్చే ధ్వనిలో ఆ పగుళ్ల జాడ ఉంటుంది. మనిషి చెవికి అందని ఆ జాడని లోహశ్రవణి వింటుంది. అప్పటికే అరిగి, విరిగి, ఆగిపోయిన వేలాది భాగాల ధ్వనులు దాని జ్ఞాపకంలో ఉన్నాయి. వాటితో పోల్చి చూసి, ఈ భాగం ఇంకెంత కాలం పనిచేస్తుందో చెబుతుంది. దాన్ని తయారు చెయ్యడానికి ఇందుమతికి యౌవనం మొత్తం పట్టింది.

సముద్రం పైకొచ్చిన తరవాత కట్టిన కట్ట మీద ఉంది ఆ పంపుహౌస్. కృష్ణ సముద్రంలో కలిసే చోట మొదలై ఉత్తరంగా కనుచూపు సాగినంత మేరా ఆ కట్టే. ఒకవైపు ఉప్పునీళ్లు. రెండోవైపు సముద్రమట్టానికి కిందుగా పొలాలు, ఇంకా జనం వదిలిపోని కొన్ని పల్లెలు. కట్ట అడుగునుంచి ఊరే నీటినీ, వాననీటినీ ప్రతి పోటుకీ కాలువలోంచి తోడి సముద్రంలో పొయ్యాలి. ఒక్క రోజు మానేసినా పొలం ఉప్పుతేరుతుంది. తుఫాను రోజుల్లో ఎండా ఉండదు, గాలిమరలూ ఆపేస్తారు. అందుకని నాచునుంచి తీసిన నూనెతో నడిచే ఇంజన్లు పెట్టారు. పంపుహౌస్‌కో ఇంజన్, ఇంజన్‌కో మనిషి. పోటుకి ఇంజన్ తిప్పాలి, కాలువ మూతికి అడ్డంపడే గుర్రపుడెక్క లాగిపారెయ్యాలి. రోజుకి రెండు పోట్లు కాబట్టి ఆ మనిషి అక్కణ్ణించి కదలడానికి వీల్లేదు. సరుకులు తెచ్చే పడవకి కూడా నడిపే మనిషి ఉండడు. అదే వచ్చి, బల్ల మీదికి మూటలు తోసి, అదే వెళ్లిపోతుంది.

నాంచారయ్య ఊరు ఇప్పుడు నీళ్లకింద ఉంది. అతని వాళ్లంతా మెట్టప్రాంతానికి తరలిపోతే, పోటూ పాటూ తప్ప ఇంకేమీ తెలియని తను అక్కడేం చేస్తానని ఈ ఉద్యోగంలో చేరాడు. ఇన్నేళ్లలో అతని గుమ్మం తొక్కిన మనిషి దాదాపు మస్తాన్ ఒక్కడే.

ఉక్కుచెయ్యి పెట్టెలోకి ముడుచుకుంది. ఇందుమతి స్క్రీన్ చూస్తూ చదివింది.

"హెడ్ కొత్తది తెచ్చాం. హెడ్ గ్యాస్కెట్, హెడ్ బోల్టులు ఎలాగూ మార్చాల్సినవే."

"అవునండీ. గ్యాస్కెట్ ఒకసారి నలిగితే మళ్లీ కుదురుగా కూచోదు. బోల్టులు సాగిపోతాయి," అన్నాడు మస్తాన్.

"నీళ్ల వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ మార్చాలి. అది బిగుసుకుపోబట్టే ఇంజన్ వేడెక్కి హెడ్ పగిలింది. వాల్వుల్ని కదిపే ట్యాపెట్లు బాగున్నాయి, అవే ఉంచుదాం. ఇంజెక్టర్లలో మూడోది మార్చాలి. బెల్టు మార్చాలి."

నాంచారయ్య వంగి బెల్టుని వేళ్లతో మడిచి చూశాడు. "ఇది బానే ఉంది కదమ్మా. ఒక్క బీట కూడా లేదు."

"పైకి లేదు. లోపల పోగులు తెగుతున్నాయి. వచ్చే వానాకాలం దాటదు."

"వచ్చే వానాకాలం కదా. అప్పుడు చూసుకోవచ్చు కదండీ."

"అప్పుడు మళ్లీ ఎవరో ఒకరు ఇంత దూరం రావాలి కదా! ఇప్పుడెలాగూ ఇంజన్ విప్పాం. చెయ్యి పెట్టినప్పుడే నిలవని వాటన్నిటినీ మార్చేస్తే పోతుంది."

నాంచారయ్య బెల్టు వదిలేశాడు. పొదుపరి మనిషి, పనికొచ్చే వస్తువుని పారెయ్యడానికి మనసొప్పడం లేదు కాబోలనుకుంది ఇందుమతి.

"ఇంజన్‌ని చల్లబరిచే వాటర్ పంప్," ఆమె స్క్రీన్ మీద వేలు ఆనించింది. "బేరింగ్ అరిగింది. కార్తీకం దాకా నడుస్తుంది. ఆ నెల దాటదు."

"ఏ నెలో కూడా చెబుతుందా?" అన్నాడు నాంచారయ్య.

"ఇంజన్ రోజుకి ఎంతసేపు తిరుగుతుందో దానికి తెలుసు కదా, లెక్క కట్టుకుంటుంది." ఆమె సంతోషంగా తలెత్తింది. "ఇవన్నీ మార్చేశామంటే ఇంకో ఆరేళ్ల దాకా మీకు ఏ ఇబ్బందీ ఉండదు. ఈ ఇంజన్ కోసం ఎవరూ రానక్కర్లేదు."

మస్తాన్ చేతిలోని స్పానర్‌ని గుడ్డతో తుడుస్తూ, తుడిచినచోటే మళ్లీ తుడిచాడు. నాంచారయ్య లేచి బయటికెళ్లి పొయ్యి మీద అన్నానికి ఎసరు పెట్టాడు.

పని మధ్యాహ్నం దాటేదాకా సాగింది. కొత్త హెడ్‌ని ఇద్దరూ చెరోపక్కా పట్టుకుని దించారు. పని చేస్తున్నంతసేపూ వాళ్ల మధ్య మాట ఆగలేదు. ఇందుమతికి అందులో సగం అర్థం కాలేదు. ఎప్పుడో మునిగిపోయిన ఏదో సంతలో ఎవరో అమ్మిన గేదె గురించి, మస్తాన్ అల్లుడి గురించి, ఉప్పుచేపల్లో ఏది మంచిదనే దాని గురించి మాట్లాడుకున్నారు. మధ్యలో "పట్టుకో", "వదులు", "ఇంకాస్త" అన్న మాటలు కలిసిపోయాయి. వాటర్ పంప్ దగ్గరికి వచ్చేసరికి పోటు మొదలైంది.

"ఇప్పుడు ఇంజన్ తిప్పకపోతే కాలువ నిండిపోద్ది," అన్నాడు నాంచారయ్య. "పంప్ బయటి పక్కనే కదా ఉంది. దానికి హెడ్ విప్పక్కర్లేదు. నీళ్లు తగ్గాక నేను బిగిస్తాలెండి. ఎన్నిసార్లు చూళ్లేదూ."

ఇందుమతి మస్తాన్ వంక చూసింది. మస్తాన్ నాంచారయ్య వంక చూశాడు. ఆ చూపు ఒక క్షణం ఎక్కువే నిలిచింది.

"నాంచారన్న బిగిస్తాడు మేడం. అతనికి వచ్చిన పనే," అన్నాడు మస్తాన్.

"బిగించగానే స్క్రీన్ మీద వేలిముద్ర వెయ్యండి. ఆఫీసుకి తెలిసిపోతుంది," అని చెప్పి ఆమె పడవెక్కింది.

మర్నాడే వేలిముద్ర వచ్చింది.

ఆ వేసవిలో లోహశ్రవణి కట్ట పొడుగునా తిరిగింది. ప్రతి పంపుహౌస్‌లోనూ ఒకసారి ఇంజన్ విప్పి, నిలవని భాగాలన్నీ ఒకేసారి మార్చేశారు. ఫలితం అద్భుతంగా ఉంది. ఇంజన్లు ఆగడం మానేశాయి. నెలనెలా తిరిగే మెకానిక్కులతో పని లేకుండా పోయింది. అనుకోకుండా ఎక్కడైనా ఇంజన్ ఆగితే వెళ్లడానికి ఒక బృందాన్ని ఉంచుకుని, మిగిలిన వాళ్లని పంపేశారు. ఇందుమతికి ఢిల్లీలో సన్మానం జరిగింది. తను పనిచేసే ఇన్‌స్టిట్యూట్ క్వార్టర్స్‌లో ఆమె ఒక్కతే ఉంటుంది. తిరిగొచ్చి శాలువాని బీరువాలో పెట్టి, ఆ సాయంత్రం కూడా ఆఫీసుకి వెళ్లి పనిచేసుకుంది.

కార్తీకంలో తుఫాను పట్టింది. ఆ తుఫానులోనే నాంచారయ్య ఇంజన్ ఆగింది.

వెనక పల్లెలో కోతకొచ్చిన వరి మూడు రోజులు ఉప్పునీళ్లలో నానింది. మనుషులకేమీ కాలేదు. కానీ ఆ పొలాల్లోంచి ఉప్పు కొట్టుకుపోవాలంటే ఎన్ని వానలు కురవాలో ఎవరూ చెప్పలేరు. వార్త వినగానే ఇందుమతి ఆ ఇంజన్ రికార్డు తీసి చూసింది, భాగాలన్నీ మార్చినట్టే ఉంది. లోహశ్రవణి మాట తప్పడం అదే మొదటిసారి. గాలి నెమ్మదించగానే, బృందాన్ని పంపకుండా, కొత్త హెడ్‌నీ, మిగిలిన విడిభాగాల్నీ, తన పెట్టెనీ పడవలో వేసుకుని ఒంటరిగా బయల్దేరింది. ఎక్కడ పొరపాటు జరిగిందో తనే చూడాలి.

నాంచారయ్య బల్ల మీద నిలబడి పడవకోసం చూస్తున్నాడు. పడవలో ఇంకెవరూ లేరని తెలిశాక కూడా ఆమె వెనక్కి చూస్తూనే ఉన్నాడు.

"మస్తాన్ రాలేదామ్మా?"

ఆమె జవాబివ్వకుండా ఇంజన్ దగ్గరికి నడిచింది. ఇంజన్ మీద తడిగోనెలు ఎండి అట్టలుకట్టి ఉన్నాయి. హెడ్ మళ్లీ పగిలింది. ఆమె వంగి వాటర్ పంప్ వంక చూసింది. దాని ఇరుసు చేత్తో కదిపితే లొడలొడ ఊగింది. ఒళ్లంతా పాత మసి. కొత్త పంప్ గోడవారగా అట్టపెట్టెలో, సీలు కూడా తీయకుండా ఉంది.

ఇందుమతి నేలమీదే కూర్చుండిపోయింది. ముందు ఆమెకి కలిగింది సంతోషం. లోహశ్రవణి పొరపడలేదు. కార్తీకం అంది, కార్తీకమే అయింది. ఆ తరవాత కోపం వచ్చింది.

"వేలిముద్ర వేశారు కదా మీరు? బిగించానని చెప్పారు కదా?"

"వేశానమ్మా."

"ఎందుకు మార్చలేదు?"

నాంచారయ్య గోడకి చేరబడ్డాడు. "అది పోతే మస్తాన్ వస్తాడు గదా అని."

ఇందుమతి సీలు తీయని అట్టపెట్టె వంక చూసింది.

"కార్తీకంలో పోద్దని మీరే చెప్పారు. కార్తీకానికి వానలు తగ్గిపోతయ్యి, నష్టం ఉండదులే అనుకున్నా. ఒక్కసారిగా పోదమ్మా అది. ముందు చుక్కచుక్కగా నీళ్లు కారతయ్యి. అప్పుడు కబురుపెడితే వాడు వచ్చి బిగించేవాడు, ఒక పూట ఉండేవాడు. నేను కబురు పెట్టానమ్మా! కారుతోందని మూడుసార్లు పెట్టా."

"పెట్టారా? ఏమన్నారు?"

"మీ వాటర్ పంప్‌కి ఇంకా ఆరేళ్ల ఆయుష్షు ఉంది, కంగారుపడకండి అన్నారు. మూడుసార్లూ అదే మాట."

ఆ మాట ఎవరిదో ఇందుమతికి తెలుసు. కాపలాదారులు చెవితో విని భయపడి పంపే ఫిర్యాదులు ఎక్కువయ్యాయని, వాటికి యంత్రమే జవాబు చెప్పే ఏర్పాటు ఆమే చేసింది. ఆ వాక్యం ఆమే రాసింది.

"మరి అప్పుడైనా కొత్తది బిగించుకోలేకపోయారా?"

"రేపు వస్తారు, ఎల్లుండి వస్తారు అనుకుంటూ కూచున్నా. ఇంతలో గాలి మొదలైంది. ఇంజన్ ఆపితే కాలువ పొంగుద్ది, ఆపకపోతే కాలిపోద్ది. తడిగోనెలు కప్పా. కాలే ఇనుము మీద చన్నీళ్లు పోస్తే పగులుద్దని తెలుసు. తెలిసీ పోశా." అతని గొంతు బొంగురుపోయింది. "తెల్లారాక కట్టెక్కి చూస్తే పొలాలన్నీ తెల్లగా ఉన్నయ్యి. కంకుల పైకొసలు మాత్రం నీళ్లమీద తేలతన్నయ్యి."

"మస్తాన్‌తో ఫోన్లో మాట్లాడరా మీరు?" అని అడిగింది ఇందుమతి.

"మాట్లాడతాం. బాగున్నావా అంటాడు, బాగున్నా అంటా. తిన్నావా అంటాడు. ఇంకేం మాట్లాడతాం ఫోన్లో? చేతిలో పనుంటే మాటలొస్తయ్యి గానీ. ఎప్పుడొస్తావురా అంటే, పని ఒత్తిడిగా ఉందన్నా, వీలు చూసుకుని వస్తానంటాడు."

ఇందుమతి తలదించుకుంది. "మస్తాన్‌కి ఆ ఉద్యోగం లేదు నాంచారయ్యగారూ. వేసవిలోనే చాలామంది మెకానిక్కుల్ని తీసేశారు. మూలపాలెం పంపుహౌస్‌లో ఖాళీ ఉంటే కాపలాదారుగా చేరాడు. అక్కణ్ణించి కదలడానికి లేదు."

నాంచారయ్య ఆమె ముఖంలోకి చూశాడు. మూలపాలెం అక్కడికి పడవలో మూడు గంటల ప్రయాణం.

"వాడి పని పోయిందా," అన్నాడు. "వాడు రాడని తెలీక నేను ఇదంతా చేశానా."

పని చెయ్యక తప్పదు. ఇందుమతి తన చేతుల్తో ఎప్పుడూ ఇంజన్ బిగించలేదు. నాంచారయ్య చెబుతుంటే ఆమె పట్టుకుంది, స్క్రీన్ చూసి ఆమె చెబుతుంటే అతను బిగించాడు. లోహశ్రవణి మళ్లీ తట్టి చూసింది. ఈసారి వేడికి ట్యాపెట్లు కూడా దెబ్బతిన్నాయి. మార్చాల్సిన ఒక్కోదాని పేరూ ఆమె చదివినప్పుడు నాంచారయ్య మారుమాట్లాడకుండా తలూపాడు. దేన్నీ ఉంచేద్దామనలేదు. సాయంత్రం పోటుకి ఇంజన్ మళ్లీ తిరిగింది.

ఆ రాత్రి ఆమె అక్కడే పడుకుంది. తెల్లవారగానే నాంచారయ్యని పిలిచి పడవ చూపించింది.

"మూలపాలెం వెళ్లి రండి. ఈరోజు పోట్లు నేను చూసుకుంటాను."

"మీరా అమ్మా?"

"నేనే. ఇంజన్ గురించి భయం లేదు కదా."

అతను చొక్కా మార్చుకుని, తల దువ్వుకుని వెళ్లాడు.

పంపుహౌస్‌లో ఇందుమతి ఒక్కతే మిగిలింది. మొదటి పోటు వచ్చింది. ఇంజన్ తిప్పింది. అది ఏ లోపమూ లేకుండా తిరిగింది. ఆమె పక్కన కూర్చుని విన్నది. వినడానికి ఏమీ లేదు. కాలువ మూతిలో గుర్రపుడెక్క లాగింది. అన్నం వండుకుంది, తినాలనిపించలేదు. ఒంటరిగా ఉండటం ఆమెకి కొత్త కాదు. క్వార్టర్స్‌లోనూ ఒక్కతే. కానీ అక్కడ గోడ అవతల ఎవరో తలుపు వేసిన చప్పుడు వినిపిస్తుంది, కింద ఎవరో స్కూటర్ తీస్తారు. ఇక్కడ అటూ నీళ్లు, ఇటూ నీళ్లు. నీళ్లు తగ్గుముఖం పట్టాక, "ఇక ఆపనా?" అని పైకే అడిగింది. అడిగాక తన గొంతుకి తనే ఉలిక్కిపడింది. అడిగింది ఇంజన్‌ని.

రెండో పోటు తీసేవేళకి పడవ తిరిగొచ్చింది. నాంచారయ్య దిగుతూనే మాట్లాడటం మొదలుపెట్టాడు. మస్తాన్ చిక్కిపోయాడట. తనని చూసి ముందు తిట్టాడట, తరవాత ఏడ్చాడట. కోడిని కోసి కూర వండాడట, ఉప్పెక్కువైందట. ఇద్దరూ కలిసి అక్కడి ఇంజన్ రేడియేటర్ కడిగారట. మాటల్లో మాటగా, నవ్వుతూ ఇంకోటి కూడా చెప్పాడు.

"వాడు థర్మోస్టాట్ ఉంచేశాడమ్మా. కొత్తది పెట్టెలోనే ఉంది. వాడికి మాఘంలో."

"మాఘంలో ఏమిటి?"

"మాఘంలో పోద్ది కదా. అప్పుడు వాడి దగ్గరికి మనుషులొస్తారు." ఆమె ముఖం చూసి నాంచారయ్య నవ్వు ఆపాడు. కానీ మొదలుపెట్టాక దాచడం అతనికి చేతకాలేదు. "వాడొక్కడే కాదమ్మా. కట్టమీద చాలామంది అంతేనట. మీ మిషను ఏ భాగం ఏ నెలలో పోద్దో చెప్పింది గదా. ఎవరికి వీలైన నెల వాళ్లు చూసుకుని ఆ ఒక్కటీ ఉంచుకున్నారట. సాయంత్రంపూట వైర్‌లెస్ రేడియోలో ఒకళ్లనొకళ్లు అడుగుతారట, మీకెప్పుడు అని. మా వైపుకి అది అందదు. ఒకడికి సంక్రాంతి దాటాక, ఒకడికి చైత్రంలో. చుక్కలు కారితే రారని నా సంగతి చూశాక తెలిసింది వాళ్లకి. పూర్తిగా ఆగితేనే వస్తారని."

ఇందుమతి బల్ల చివర నిలబడి కట్ట పొడుగునా చూసింది. దూరంగా మసగ్గా పక్క పంపుహౌస్, దాని అవతల ఇంకోటి. ప్రతి దాంట్లోనూ ఒక భాగం అరుగుతోంది. ఆ భాగం ఎప్పుడు విరుగుతుందో తెలిసిన మనిషి పక్కనే కూర్చుని ఎదురుచూస్తున్నాడు. తన యంత్రం చెప్పిన ఏ నెలా తప్పదు.

"ఇది నేను ఆఫీసులో చెప్పక తప్పదు," అంది.

"చెప్పండమ్మా," అన్నాడు నాంచారయ్య. "ఆ పొలాలు నేను చూశా."

పంపుహౌస్‌లన్నిటినీ చూసే ఆఫీసు డైరెక్టర్ పరాంకుశం ఆమె చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు. చెడ్డవాడు కాదు. వెంటనే ప్రతి పంపుహౌస్‌కీ మనుషుల్ని పంపి ఉంచేసిన భాగాలన్నీ మార్పించాడు. ఆ తరవాత ఆమెని పిలిచాడు.

"ఇంకోసారి ఇలా జరక్కుండా ఏం చేద్దామంటారు?"

"పాత మెకానిక్కుల్ని మళ్లీ తీసుకోండి. నెలకోసారి అందర్నీ చూసి రమ్మనండి."

"వెళ్లి ఏం చేస్తారు?"

"చెయ్యడానికేమీ ఉండదు. వెళ్తారు, కాసేపు కూచుంటారు, వస్తారు."

పరాంకుశం కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అలా అని ప్రభుత్వానికి ఎలా రాయమంటారు డాక్టర్? లోహశ్రవణి ఎక్కడైనా తప్పు చెప్పిందా?"

"లేదు."

"కొత్త భాగాల్లో లోపముందా?"

"లేదు."

"మరి ఇంజన్ ఆగడానికి కారణం ఏమిటి?"

"మనిషి," అంది.

"అయితే ఏ భాగం మార్చాలో మీరే చెప్పారు."

ఏడాది తిరిగేసరికి కట్టమీద కాపలాదారులు లేరు. పోటుని కనిపెట్టి ఇంజన్ తనంతట తనే తిరుగుతోంది. కాలువ మూతిలో గుర్రపుడెక్క లాగడానికి ఇనపచేతులు పెట్టారు. మనుషుల్ని తలోచోటికీ పంపేశారు. నాంచారయ్యా మస్తానూ గుడివాడలో, పాత బస్టాండు వెనక చిన్న గది తీసుకుని పొలం ఇంజన్లు బాగుచేసే షాపు పెట్టారు. ఎదురుగా టీకొట్టు, పక్కన సైకిళ్ల షాపు. పొద్దున తలుపు తీసింది మొదలు జనం. మస్తాన్ విప్పుతాడు, నాంచారయ్య పట్టుకుంటాడు. ఏ భాగం మార్చాలి, ఏది ఉంచాలి అని రోజంతా పోట్లాడుకుంటారు. రైతులు బెంచీ మీద కూర్చుని ఆ పోట్లాట వింటారు. కట్ట మీద పోయిన ఉద్యోగం గురించి వాళ్లు ఎప్పుడూ విచారించలేదు.

మనుషుల్లేని పంపుహౌస్‌లని ఏడాదికోసారి చూసి రావడానికి మాత్రం ఒకరు కావాలి. లోహశ్రవణి గురించి పూర్తిగా తెలిసినవాళ్లు ఒక్కరే ఉన్నారు కనక ఆ పని ఇందుమతికి పడింది. తలుపులు తీస్తుంది, పెట్టె తెరుస్తుంది, ఉక్కుచెయ్యి తడుతుంది. అన్నీ బాగున్నాయి అని స్క్రీన్ మీద వస్తుంది. తలుపులు వేసి పడవెక్కుతుంది. రోజులకి రోజులు ఆమెతో మాట్లాడే మనిషి ఉండడు.

అలా ఒక మధ్యాహ్నం ఒకచోట ఇంజన్ వాల్వుల మీద ఉండే రాకర్ కవర్ తీసి చూస్తోంది. వాల్వుల సందు సరిచెయ్యాల్సిన సమయం వచ్చిందని లోహశ్రవణి చెప్పింది. ఎంత సందు ఉంచాలో, ఏ వాల్వుతో మొదలుపెట్టాలో స్క్రీన్ మీద బొమ్మతో సహా ఉంది. ఇందుమతి ఆ బొమ్మని కాసేపు చూసింది. స్క్రీన్‌ని బోర్లా తిప్పి పెట్టింది. ఫోను తీసి గుడివాడ షాపుకి చేసింది.

"మస్తాన్‌గారూ, నేను ఇందుమతిని. వాల్వుల సందు ఎంత పెట్టాలో గుర్తు రావడం లేదు. కాస్త చెబుతారా?"

"అయ్యో మేడం, మీరా! ఎక్కడున్నారు? అన్నం తిన్నారా?" అటువైపు సుత్తి దెబ్బలు, ఎవరో బేరమాడుతున్న గొంతు. "ఇంజన్ చల్లారిందా ముందు? వేడిమీద పట్టకూడదు. చల్లారాక..."

"అమ్మగారేనా? ఫోను ఇటియ్యి," వెనకనుంచి నాంచారయ్య. "అమ్మా, వాడి మాట వినకండి, వాడు బిగువుగా పెడతాడు. కాస్త వదులుగానే ఉంచండి. ఆ ఇంజన్ల సంగతి నాకు తెలుసు..."

"ఏం తెలుసు నీకు? ఉండన్నా. మేడం, మొదటి సిలిండర్ దగ్గర్నించి చెబుతా, జాగ్రత్తగా వినండి."

ఇద్దరూ ఒకేసారి చెబుతున్నారు. ఒకరి మాటని ఒకరు తుంచుతున్నారు. మధ్యలో ఎవరో టీ తెచ్చి పెట్టినట్టున్నారు, గ్లాసుల చప్పుడైంది. ఇందుమతి ఇంజన్‌కి చేరగిలబడి, మసిచేతులతో ఫోనుని చెవికి గట్టిగా ఆనించుకుని వింది. మొదటి సిలిండర్ నుంచి చివరి సిలిండర్ దాకా మస్తాన్ మొత్తం చెప్పాడు.

"అర్థమైందా మేడం?"

అతని గొంతు స్పష్టంగా ఉంది. ఒక్క ముక్క కూడా తప్పిపోలేదు.

"లేదు మస్తాన్‌గారూ, ఇక్కడ గాలి చప్పుడు," అంది ఇందుమతి. "మళ్లీ మొదట్నించి చెప్పండి."